గట్టు మీద నిలబడి హర్లింగ్ చూసేవారికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

హర్లింగ్ అంటే కర్రతో చిన్న బంతిని కొట్టి ఆడే ఐర్లండ్ ఆట. జూలైలో కౌంటీ జట్ల ఆల్ ఐర్లండ్ ఫైనల్ అయిపోగానే అక్కడ క్లబ్బుల వంతు మొదలవుతుంది. ఐర్లండ్‌లో స్థిరపడిన మన పాఠకులు క్లబ్ హర్లింగ్ చాంపియన్‌షిప్ మ్యాచ్‌ల గురించి పంపిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఇక్కడ ఇస్తున్నాం.

టిప్పరరీలో ఉంటున్నాం. ఊళ్లో ఎక్కడ చూసినా క్లబ్ జెండాలే. ఈ మ్యాచ్‌లు ఎప్పుడు, ఎక్కడ జరుగుతాయో ఎలా తెలుసుకోవాలి? టికెట్ గేటు దగ్గర ఇస్తారా? (థర్లెస్ నుంచి ఒక పాఠకుడు)

2022 నుంచి సీజన్‌ని రెండుగా విడగొట్టారు. జూలై దాకా కౌంటీ జట్లు ఆడతాయి, ఆ తర్వాత ఆటగాళ్లు తమ తమ క్లబ్బులకు వెళ్లిపోతారు. గ్రూప్ మ్యాచ్‌లు చాలావరకు ఆగస్టు, సెప్టెంబరుల్లో జరుగుతాయి. కౌంటీ ఫైనల్స్ ఎక్కువగా అక్టోబరులో పడతాయి. గెలిచిన క్లబ్బులు నవంబరు, డిసెంబరుల్లో ప్రావిన్స్ (కొన్ని కౌంటీలు కలిసిన ప్రాంతం) స్థాయిలో తలపడతాయి. అక్కడ నెగ్గినవాళ్లకు జనవరిలో డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో ఆల్ ఐర్లండ్ క్లబ్ ఫైనల్ ఉంటుంది.

మీ కౌంటీ బోర్డు వెబ్‌సైట్‌లో ఫిక్స్చర్ల (మ్యాచ్‌ల పట్టిక) పేజీ చూడండి. శుక్రవారం సాయంత్రం, శనివారం, ఆదివారం మధ్యాహ్నం, ఈ మూడు పూటల్లోనే దాదాపు అన్నీ ఉంటాయి. బయల్దేరే ముందు అదే రోజు మళ్లీ ఒకసారి చూడటం మాత్రం మరవొద్దు. వానకు మైదానం పాడైనా, ఊళ్లో ఎవరైనా పోయినా మ్యాచ్‌ని వాయిదా వేస్తారు, లేదంటే వేరే మైదానానికి మారుస్తారు. వారం ముందు తీసి పెట్టుకున్న స్క్రీన్‌షాట్‌ని నమ్ముకుని వెళ్తే గేటుకు తాళం కనిపించవచ్చు.

చాలా కౌంటీల్లో టికెట్లు ఆన్‌లైన్‌లోనే అమ్ముతారు. ఫోన్‌లోని క్యూఆర్ కోడ్‌ని గేటు దగ్గర స్కాన్ చేస్తారు. కొన్నిచోట్ల కార్డు తీసుకుని అక్కడికక్కడే టికెట్ ఇస్తారు గానీ, నోట్లు తీసుకుంటారని అనుకోకండి. పల్లెటూరి మైదానాల దగ్గర సిగ్నల్ సరిగా ఉండదు, కాబట్టి టికెట్‌ని ఇంటి దగ్గరే ఫోన్‌లో తెరిచి సేవ్ చేసుకోండి. గేటు దగ్గర క్యూ ఆగిపోయేది ఎక్కువగా ఈ కారణంతోనే. పెద్దలకు గ్రూప్ మ్యాచ్ టికెట్ సుమారు 10 నుంచి 15 యూరోలు ఉంటుంది. 16 ఏళ్ల లోపు పిల్లలను చాలా కౌంటీల్లో ఉచితంగా రానిస్తారు. ఒకే మైదానంలో వరుసగా రెండు మ్యాచ్‌లు పెట్టిన రోజున ఒక్క టికెట్‌తో రెండూ చూడొచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లు అలాంటి రోజునే ఎంచుకోండి. మొదటి మ్యాచ్‌లో కళ్లు అలవాటు పడతాయి, రెండోదాన్ని హాయిగా చూస్తారు.

బోర్డు మీద 1-14, 0-18 అని ఉంది. 1-14 వాళ్లు ఓడిపోతున్నారని నేనంటే, మా ఆయన గెలుస్తున్నారని అన్నారు. ఎవరిది కరెక్టు? (ఎన్నిస్ నుంచి ఒక పాఠకురాలు)

మీదే. గీతకు ముందున్నది గోల్స్, తర్వాతున్నది పాయింట్లు. గోల్ అంటే 3 పాయింట్లు. 1-14 అంటే మూడూ పద్నాలుగూ కలిపి 17. అవతలివాళ్లకు 18 ఉన్నాయి కాబట్టి వాళ్లు ఒక పాయింటు ముందున్నారు.

గోల్ స్తంభాలు ఆంగ్ల హెచ్ అక్షరం ఆకారంలో ఉంటాయి. వాటి మధ్య 6.5 మీటర్ల వెడల్పు, అడ్డకడ్డీ ఎత్తు 2.5 మీటర్లు. బంతి కడ్డీ కింద నుంచి వలలో పడితే గోల్, కడ్డీ పైనుంచి స్తంభాల మధ్యగా వెళ్తే పాయింటు. ప్రతి గోల్ దగ్గరా తెల్లకోటు వేసుకున్న అంపైర్లు ఇద్దరుంటారు. ఆకుపచ్చ జెండా ఎత్తితే గోల్, తెల్లజెండా ఎత్తితే పాయింటు. తలపైన చేతులు అడ్డంగా పెడితే బంతి బయటికి పోయిందని అర్థం. ఒక చేయి నిటారుగా ఎత్తితే, బంతి రక్షణ జట్టువాళ్లకు తగిలి చివరి గీత దాటిందన్నమాట. అప్పుడు దాడి చేసే జట్టుకు 65 మీటర్ల గీత దగ్గర నుంచి ఉచితంగా కొట్టే అవకాశం ఇస్తారు. గట్టు మీద జనం దాన్ని సిక్స్‌టీఫైవ్ అనే పిలుస్తారు. రెండు జెండాలనూ అడ్డంగా పట్టుకుంటే, పడిన స్కోరు చెల్లదని.

క్లబ్ మైదానాల్లో స్కోరుబోర్డు తరచూ వెనకబడుతుంది. మీ ఫోన్‌లో స్కోరు రాసుకోవడం అలవాటు చేసుకోండి. గడియారం కూడా మీరే పెట్టుకోండి. క్లబ్ మ్యాచ్ 30 నిమిషాల చొప్పున రెండు భాగాలు, ఆపైన ఆగిపోయిన సమయాన్ని రెఫరీ కలుపుతాడు. ఎంత కలపాలో తేల్చేది ఆయనే.

రెండు మ్యాచ్‌లకు వెళ్లాను. బంతి ఎక్కడుందో తెలుసుకునేలోపే పాయింటు పడిపోతోంది. చుట్టూ ఉన్నవాళ్లు అరుస్తుంటే నేను తెల్లమొహం వేసుకుని నిలబడుతున్నాను. ఎక్కడ నిలబడాలి, ఏం చూడాలి? (కిల్కెన్నీ నుంచి ఒక పాఠకుడు)

మాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది, కాస్త పెద్దగానే జవాబు చెబుతాం.

మొదట చోటు సంగతి. మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్లు, వెడల్పు 80 నుంచి 90. బంతి, అంటే స్లిటర్, 69 నుంచి 72 మిల్లీమీటర్ల వ్యాసంతో గుప్పిట్లో పట్టేంత ఉంటుంది. గోల్‌కీపర్ కొట్టిన ఒక్క దెబ్బకు అది సగం మైదానం దాటేస్తుంది. కంచెకు ఆనుకుని నేలమట్టంగా నిలబడితే మీ కంటికి లోతు తెలియదు, అందరూ ఒకే వరుసలో ఉన్నట్టు కనిపిస్తారు. అందుకని మధ్యగీతకు ఎదురుగా, నాలుగడుగుల గట్టు దొరికినా సరే, ఎత్తైన చోటు పట్టండి. స్టాండ్ ఉంటే పై వరసలకు వెళ్లండి. సాయంత్రం మ్యాచ్ అయితే మైదానానికి పడమటి వైపు ఉండాలి. సెప్టెంబరులో సూర్యుడు కిందికి దిగి సరిగ్గా కళ్లలో కొడతాడు. తూర్పు వైపు కూర్చుంటే ఆఖరి ఇరవై నిమిషాలు చేయి అడ్డం పెట్టుకుని చూడాల్సి వస్తుంది.

రెండోది, కళ్లు ఎక్కడ పెట్టాలనేది. బంతిని వెంటాడకండి, అది పడబోయే చోటికి ముందే వెళ్లండి. గోల్‌కీపర్ బంతిని మళ్లీ ఆటలోకి కొట్టడాన్ని పక్-అవుట్ అంటారు. అతను బంతి చేతిలోకి తీసుకోగానే మీ చూపు అతణ్ని వదిలి, మధ్యగీతకు ముందు నిలబడ్డ ఆ జట్టు హాఫ్‌ఫార్వర్డ్‌ల మీదికి పోవాలి. జెర్సీ మీద 10, 11, 12 అంకెలున్నవాళ్లు. ముగ్గురూ ఒక పక్కకు జరిగారంటే, ఖాళీ అయిన రెండో పక్కకు ఎవరో పరిగెత్తబోతున్నారు. ఈ ఒక్క అలవాటుతో సగం ఆట మీ చేతికి వస్తుంది.

బంతి గాల్లోంచి దిగేచోట ఇద్దరిని గమనించండి. పట్టుకోవాలనుకునేవాడు ఒక చేతిలోని హర్లీని, అంటే ఆట కర్రని, అడ్డుగా ఎత్తి, రెండో చేతిని దాని పక్కనే వేళ్లు విప్పి పైకి చాస్తాడు. పక్కవాడి కర్ర సరిగ్గా ఆ వేళ్ల మీదికి దూసుకొస్తుంది. ఆ చేయి కదలకుండా ఉంటే బంతి అందుతుంది, వెనక్కి తీసుకుంటే కింద పడుతుంది. కింద పడ్డ బంతికి ముందుగా ఎవరు చేరతారన్నది చాలా మ్యాచ్‌ల ఫలితాన్ని తేల్చేస్తుంది. గట్టు మీద అనుభవమున్నవాళ్లు బంతి పట్టినవాడికన్నా, పడిన బంతి దగ్గరికి ముందుగా చేరినవాడికి ఎక్కువ చప్పట్లు కొడతారు. అలాగే హుక్ ఒకటుంది. కొట్టబోయేవాడి వెనక నుంచి కర్ర చాచి, అతని కర్ర ఊగే దారిలో అడ్డుపెట్టడం. స్కోరుబోర్డు మీద దాని ఆనవాలు ఉండదు. కానీ ఆఖరి నిమిషంలో ఒక హుక్ గోల్‌తో సమానం.

మూడోది గాలి. క్లబ్ మైదానాలు చాలావరకు నాలుగు వైపులా తెరిచే ఉంటాయి. ఏ జట్టు గాలివాటున ఆడుతోందో ఆట మొదలయ్యేలోపే జెండాలు చూసి తెలుసుకోండి. గట్టి గాలి ఉన్న రోజున గాలివాటున ఆడిన జట్టు సగం సమయానికి 4 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నా నిశ్చింతగా ఉండటానికి లేదు. రెండో సగంలో అదే గాలి అవతలివాళ్లకు వస్తుంది.

ప్రోగ్రామ్ పుస్తకం అమ్ముతుంటే కొనుక్కోండి, రెండు మూడు యూరోలకు మించని పుస్తకం కూడా చాలా పనికొస్తుంది. 1 గోల్‌కీపర్, 2 నుంచి 7 దాకా రక్షణ, 8, 9 మధ్యభాగం, 10 నుంచి 15 దాకా దాడి. ఈ అంకెలు లెక్కకే, ఆటలో స్థానాలు మారుతూనే ఉంటాయి. 13వ నంబరు ఆటగాడు మధ్యలోకి వచ్చి ఆడుతుంటే, వెనక అతని చోటులో ఎవరున్నారో, అవతలి జట్టు డిఫెండర్ అతనితో పాటు వచ్చాడో లేదో చూడండి. రాకుండా ఉండిపోయాడంటే దాడి చేసే జట్టుకు గోల్ ముందు దారి మూసుకుపోయినట్టే.

రెఫరీ ఎందుకు విజిల్ వేస్తాడో తెలియడం లేదు. ఒకసారి కర్రలతో కొట్టుకుంటున్నట్టున్నా ఊరుకున్నాడు. ఇంకోసారి ఏమీ జరగకుండానే ఆపేశాడు. (లిమరిక్ నుంచి ఒక పాఠకురాలు)

ఏమీ జరగనట్టు కనిపించే విజిల్స్‌లో ఎక్కువ బంతిని పట్టుకున్న తీరు గురించే. బంతిని చేతిలో పెట్టుకుని నాలుగు అడుగులకు పట్టే సమయం మించకూడదు. నేల మీదున్న బంతిని నేరుగా చేత్తో తీయకూడదు, కర్రతో గానీ కాలితో గానీ లేపాలి. బంతిని కర్ర మీదికి వేసి మళ్లీ చేతిలోకి తీసుకోవచ్చు, అయితే చేతిలోకి తీసుకోవడం రెండుసార్లకు మించకూడదు. చేత్తో పాస్ ఇచ్చేటప్పుడు కొట్టినట్టు స్పష్టంగా కనిపించాలి, విసిరితే ఫౌల్. జనం ఎక్కువగా గొడవపడేది ఈ ఆఖరిదాని దగ్గరే. దూరం నుంచి చూస్తే కొట్టాడో విసిరాడో తేల్చడం కష్టం. దగ్గరగా ఉన్న రెఫరీకి తెలిసినంత మీకు తెలియదని ఒప్పుకోవడం మంచిది.

ఇక కొట్టుకోవడంలా కనిపించేది. ఇద్దరూ బంతి కోసమే కర్ర ఆడిస్తుంటే అది న్యాయమైన పోటీ. భుజంతో భుజాన్ని పక్క నుంచి నెట్టొచ్చు. ముందు నుంచి గుద్దినా, వెనక నుంచి తోసినా, బంతి అందని దూరంలో చేతుల మీద కర్ర ఆడించినా ఫౌల్. రెఫరీ చేయి పైకెత్తి ఆట సాగనిస్తున్నాడంటే, ఫౌల్‌ని చూశాడు గానీ బాధిత జట్టుకే లాభం ఉంటుందేమోనని 5 సెకన్ల దాకా ఆగుతున్నాడన్నమాట. లాభం లేకపోతే వెనక్కి వచ్చి ఫ్రీ ఇస్తాడు. అందుకే కొన్నిసార్లు విజిల్ ఆలస్యంగా వినిపిస్తుంది. రెండు పసుపు కార్డులు ఒక ఎర్రకార్డు అవుతాయి. ఎర్రకార్డు పడితే ఆ జట్టు మిగిలిన సమయమంతా ఒక మనిషి తక్కువగానే ఆడాలి.

చిన్నపిల్లలను తీసుకెళ్లవచ్చా? (గాల్వే నుంచి ఒక పాఠకురాలు)

తప్పకుండా తీసుకెళ్లండి. రెండు జట్ల ప్రేక్షకులనూ విడదీసే కంచెలు ఉండవు, కుటుంబాలన్నీ కలిసే కూర్చుంటాయి. బంతి విషయంలో మాత్రం జాగ్రత్త. స్లిటర్ బరువు 110 నుంచి 120 గ్రాములు, గట్టిగా కొడితే గంటకు 150 కిలోమీటర్లు దాటి పోతుంది. 2010 నుంచి ఆటగాళ్లందరూ ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ పెట్టుకునే ఆడాలి, మీ నెత్తిన మాత్రం ఏమీ ఉండదు.

ప్రమాదం ఆటలోకన్నా ఆటకు ముందే ఎక్కువ. వార్మప్‌లో ఒకేసారి పదీ ఇరవై బంతులు గాల్లో ఉంటాయి. ప్రేక్షకులేమో అప్పుడే తినేవాటి కోసమో ఫోన్ కోసమో తలలు దించుకుంటారు. ఆ సమయంలో గోల్ వెనక ఉండకండి. పెద్ద వల కట్టి ఉంటే, దాని వెడల్పు దాటి పక్కకు నిలబడినా లాభం లేదు, తప్పిపోయిన బంతులు వెళ్లేది సరిగ్గా ఆ పక్కకే. పసిపిల్లల బండిని పక్కగీత వైపు, కంచె నుంచి వెనక్కి పెట్టండి. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా అరిచి తలలు పైకెత్తితే, బంతి ఎక్కడుందని వెతక్కుండా బిడ్డను కమ్ముకోండి. ప్రేక్షకుల్లోకి వచ్చిన బంతిని తిరిగి ఇచ్చేయాలి.

సగం సమయంలో చాలా మైదానాల్లో ఊరి పిల్లలు కర్రలు పట్టుకుని లోపలికి పరిగెడతారు. అక్కడి నిర్వాహకులు అనుమతిస్తేనే మీవాళ్లను పంపండి, హెల్మెట్ లేకుండా పంపకండి.

మా ఊరి క్లబ్ ఒక మ్యాచ్ ఓడిపోయింది. అయినా ఇంకా పోటీలోనే ఉందంటున్నారు. ఈ లెక్కేమిటి? (కార్క్ నుంచి ఒక పాఠకుడు)

ఒక్కో కౌంటీ ఒక్కో పద్ధతి పాటిస్తుంది. కార్క్‌లో ప్రీమియర్ సీనియర్ అనే అన్నిటికన్నా పై స్థాయిలో నలుగురేసి క్లబ్బులతో 3 గ్రూపులు ఉంటాయి, కాబట్టి ప్రతివాళ్లకూ మూడు మ్యాచ్‌లు ఖాయం. గ్రూప్ పట్టికలో గెలిస్తే 2 పాయింట్లు, డ్రా అయితే 1. ఇద్దరు సమానంగా నిలిస్తే వాళ్లిద్దరి మధ్య జరిగిన మ్యాచ్ చూస్తారు. ముగ్గురు సమానమైతే మొత్తం స్కోర్ల తేడా చూస్తారు. ఓటమి ఖాయమైన జట్టు కూడా ఆఖరి నిమిషంలో ఒక పాయింటు కోసం పరిగెత్తేది ఇందుకే, ఆ ఒక్క పాయింటే మూడు వారాల తర్వాత వాళ్లను ముందుకు పంపవచ్చు. అట్టడుగున నిలిచినవాళ్లు కింది స్థాయికి పడిపోకుండా మళ్లీ ఆడాలి. మా మాట వినండి, వీలైతే ఆ రెలిగేషన్ మ్యాచ్‌ని చూడండి. ఫైనల్‌కున్నంత జనం రారు గానీ, ఊరంతా ప్రాణాలు ఉగ్గబట్టుకుని చూసే ఆట అది.

నాకౌట్ దశలో సమానమైతే 10 నిమిషాల చొప్పున రెండు భాగాలు అదనపు సమయం ఆడిస్తారు. అప్పటికీ తేలకపోతే ఏం చేయాలో ఆ కౌంటీ నిబంధనలు చెబుతాయి.

కార్క్‌లో ఇంకో విశేషం ఉంది. సీనియర్ స్థాయిలో లేని చిన్న క్లబ్బుల ఆటగాళ్లు ఒక ప్రాంతం పేరుతో కలిసి డివిజన్ జట్టుగా ఆడొచ్చు. ఇమోకిలీ అలాంటిదే. 2017 నుంచి 2019 దాకా వరుసగా మూడుసార్లు కౌంటీ టైటిల్ గెలిచింది, 2024లో మళ్లీ గెలిచింది. కానీ డివిజన్ జట్టుకు మన్‌స్టర్ ప్రావిన్స్ పోటీలో ఆడే అర్హత లేదు. అందుకే 2024 ఫైనల్‌లో ఓడిన సార్స్‌ఫీల్డ్స్ కార్క్ తరఫున వెళ్లి మన్‌స్టర్ గెలిచింది. 2025 జనవరిలో ఆల్ ఐర్లండ్ ఫైనల్ దాకా వచ్చి డబ్లిన్ క్లబ్ నా ఫియానా చేతిలో ఓడింది.

కారులో వెళ్లాలా? ఏం తీసుకెళ్లాలి? (వాటర్‌ఫర్డ్ నుంచి ఒక పాఠకుడు)

పల్లె మైదానాలకు ఆదివారం బస్సులు దొరకడం కష్టం, కారే మేలు. క్లబ్ పేరుతో మ్యాప్‌లో వెతికితే ఊరి చర్చి దగ్గరికో, పాత మైదానానికో తీసుకెళ్లవచ్చు. మైదానం ఎయిర్‌కోడ్ (ఐర్లండ్ పిన్‌కోడ్ లాంటిది) కనుక్కుని అదే కొట్టండి. ఆట మొదలయ్యే 40 నిమిషాల ముందు చేరుకుంటే పార్కింగ్ తేలిక. సన్నటి రోడ్ల మీద ఒక పక్కనే ఆపండి. పొలాల గేట్లకు, అంబులెన్స్ దారికి అడ్డం పెట్టకండి. కారు ముక్కు రోడ్డు వైపు ఉండేలా పెట్టుకుంటే తిరిగి వచ్చేటప్పుడు ఇరుక్కోరు.

నీళ్లు చొరని బూట్లు, టోపీ ఉన్న వానకోటు తప్పనిసరి. గొడుగు వద్దు, వెనకున్నవాళ్లకు ఆట కనిపించదు. ఆగస్టు అయినా సాయంత్రం ఏడు దాటాక గట్టు మీద చలి వేస్తుంది. టీ, శాండ్‌విచ్, చాక్లెట్ లాంటివి క్లబ్ కిటికీ దగ్గర దొరుకుతాయి, సగం సమయంలో క్యూ పెద్దది. విజిల్‌కు మూడు నిమిషాల ముందే కదలండి.

మేం ఏ జట్టు వాళ్లమూ కాదు. ఎటు కూర్చోవాలి, ఏం అరవాలి? (వెక్స్‌ఫర్డ్ నుంచి ఒక పాఠకురాలు)

ఎటైనా కూర్చోవచ్చు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి: ఆటగాళ్లెవరికీ జీతం లేదు. మీ ముందు వరసలో కూర్చున్నది వాళ్ల అమ్మో, చెల్లెలో, స్కూల్లో చదువు చెప్పిన టీచరో అయి ఉంటారు. మంచి ఆటకు ఎవరి వైపైనా చప్పట్లు కొట్టండి. తప్పు చేసినవాణ్ని పేరు పెట్టి తిట్టకండి. రెఫరీని తిట్టడం, ఆట జరుగుతుండగా మైదానంలోకి దిగడం వల్ల క్లబ్ మీద చర్య తీసుకునే వీలుంది. పక్కనున్నవాళ్లను మొహమాటపడకుండా అడగండి, అతనెవరు, ఎందుకు ఫ్రీ ఇచ్చారు అని. సంతోషంగా చెబుతారు. ఆ కుర్రాడి తాతగారి ఆట గురించి కూడా చెబుతారు.

ఫైనల్ రోజున బ్యాండ్ వెనక జట్లు మైదానం చుట్టూ నడుస్తాయి, తర్వాత జాతీయగీతం. లేచి నిలబడి, టోపీ తీసి, జెండా వైపు తిరగండి. గీతం ముగిసేదాకా అరుపులు వద్దు.

ఆదివారం డ్యూటీ పడింది. ఇంటి నుంచి చూడొచ్చా? (కిల్కెన్నీ నుంచి మరో పాఠకుడు)

టీజీఫోర్ చానల్ కొన్ని కౌంటీ ఫైనల్స్‌ను, ప్రావిన్స్ మ్యాచ్‌లను ఉచితంగా ప్రసారం చేస్తుంది. గ్రూప్ మ్యాచ్‌ల్లో కొన్నింటిని కౌంటీ బోర్డులు, క్లబ్బర్ వంటి సేవలు డబ్బు తీసుకుని చూపిస్తాయి. రేడియో అయితే ఉచితం: కిల్కెన్నీకి కేసీఎల్‌ఆర్, టిప్పరరీకి టిప్ ఎఫ్‌ఎం, క్లేర్‌కు క్లేర్ ఎఫ్‌ఎం, గాల్వేకు గాల్వే బే ఎఫ్‌ఎం, వాటర్‌ఫర్డ్‌కు డబ్ల్యూఎల్‌ఆర్. ఒకేసారి రెండు మూడు మైదానాల్లో ఆట జరుగుతుంటే స్కోర్లు తెలుసుకోవడానికి రేడియోనే మేలు.